జ్వరం కనిపించని ముఖం

త్రినాథరావు చేతిలో పడితే ఎంత వాడిపోయిన ముఖమైనా కళకళలాడాల్సిందే. హీరోయిన్ జ్వరంతో వచ్చినా, రాత్రంతా ఏడ్చి వచ్చినా ఆయన కారణం అడిగేవాడు కాదు. తడి స్పాంజితో రంగు అద్ది, కళ్ళకింద నలుపు కప్పేసి షాట్‌కు పంపేసేవాడు. ఒంట్లో ఏమున్నా కెమెరాకు తెలియకూడదు, అదీ ఆయన మద్రాసులో నేర్చుకున్న విద్య. సినిమావాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు దారి పడుతుంటే తానూ మేకప్ పెట్టె సర్దుకుని, భార్య నాగేశ్వరితో వచ్చి యూసుఫ్‌గూడలో అద్దెకు దిగాడు.

తొంభై రెండులో నాగేశ్వరికి రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత మూడు వారాలకోసారి కీమోథెరపీ మందు ఎక్కించాలన్నారు. గడ్డ తీసేసినా దాని విత్తులు ఒంట్లో ఎక్కడైనా మిగిలి ఉండొచ్చని, ఈ మందు వాటికోసమని డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. త్వరత్వరగా పెరిగేదాన్నల్లా అది చంపుతుందట. తన పర భేదం ఎరగదు. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రక్తంలో రోగాలతో పోరాడే కణాలూ తగ్గిపోతాయి.

"జుట్టు మళ్ళీ వస్తుందమ్మా, దానికి బెంగపడకండి. జ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. ఏ వేళైనా సరే, వచ్చేయండి," అని ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది.

మనుషులం కదా, వద్దన్నదానికే బెంగపడ్డారు. రెండో విడతకల్లా నాగేశ్వరి జుట్టంతా దువ్వెనలోకి వచ్చేసింది. కనుబొమ్మలూ పోయాయి. వీధిలో ఎవరింట పేరంటమైనా ముందుండే మనిషి ఆమె. జాలిచూపులు ఓర్వలేదు.

"ఎవరూ నన్నిలా చూడకూడదండీ," అని ఒక్కటే కోరింది.

త్రినాథరావు మంచి విగ్గు తెచ్చాడు. రోజూ షూటింగుకు వెళ్ళేముందు ఆమెకు కనుబొమ్మలు దిద్ది, బుగ్గలకు, పెదాలకు రంగు వేసేవాడు. అద్దం చూసుకుని ఆమె నవ్వేది. ఆ నవ్వు చూస్తే ఆయనకు భయం తగ్గేది, రోగమే తగ్గినట్టుండేది.

నాలుగో విడత అయిన మరుసటి వారం పక్కింటి నీలమ్మ కూతురికి శ్రీమంతం. ఆ పొద్దున నాగేశ్వరి పెదాలు ఎండిపోయి ఉన్నాయి, కళ్ళు లోపలికి పోయాయి. నిద్ర పట్టలేదంది. జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళాలో షూటింగు, కారు వచ్చి వీధిలో నిలబడింది. ఆయన రంగు మరికాస్త దట్టంగా వేశాడు. స్పాంజి తగలగానే ఆమె ఒణికింది. నీళ్ళు చల్లగా ఉన్నాయంది. ఆయన సరేనన్నాడు. ముఖం వాడిపోతే రంగు వేయడమే ఆయనకు అలవాటు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం. పేరంటంలో పడిపోయిందని, తన మొగుడు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడని నీలమ్మ ఏడుస్తూ చెప్పింది.

"అక్క ముఖం మంచిగనే కనవడ్డది అన్నా. నవ్వుకుంట కూసున్నది. గందుకే మేమెవ్వలం ఫికర్ చెయ్యలే."

ఆయన విద్యను మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంత నిజంగా ఎవరూ మెచ్చుకోలేదు.

ఆసుపత్రిలో నర్సు అప్పటికే తడిగుడ్డతో రంగంతా తుడిచేసింది. వెల్లవేసిన గోడలా పాలిపోయి ఉన్న ఆ ముఖాన్ని త్రినాథరావు ఎరగడు. నెలల తరబడి ఆయన చూస్తున్నది తను వేసిన ముఖాన్నే. డాక్టరమ్మ కోప్పడలేదు. జ్వరం ఎప్పటినుంచి అని అడిగింది. పొద్దున స్పాంజి తగిలితే ఒణికిందని ఆయన చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం, ఎన్ని మందులెక్కించినా నాగేశ్వరి తేరుకోలేదు. ఆ వారం దాటలేదు.

ఇంటికి తెచ్చి, ఆడవాళ్ళు పసుపు రాసి స్నానం చేయించి, కుంకుమ పెట్టారు. నీలమ్మ లోపలికెళ్ళి మేకప్ పెట్టె తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"గిట్ల పోవుడు అక్కకు ఇష్టముండది అన్నా. జర మంచిగ తయారు చెయ్యి."

త్రినాథరావు స్పాంజి తడిపాడు. నుదుటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. దాన్ని పక్కన పెట్టి, ఆ శ్రీమంతం పొద్దున చేయని పని చేశాడు. ఆమె నుదుటి మీద అరచెయ్యి ఆనించాడు.

చల్లగా ఉంది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత కనుబొమ్మలు దిద్దాడు.