నాయన నన్ను రొయ్యలా పెంచిన నాలుగు నెలలు

ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడపిల్ల పరుగెత్తుతుంటే చూసినవాళ్లకు రెండే అనుమానాలు వచ్చేవి. వెనకాల కుక్కైనా పడి ఉండాలి, ముందు బస్సైనా వెళ్లిపోతూ ఉండాలి. ఊరికే, ఎవరూ తరమకుండా, ఎక్కడికీ పోకుండా, బయలుదేరిన చోటికే రొప్పుకుంటూ తిరిగి రావడమనేది విడవలూరు మండలంలో ఎవరికీ అర్థమయ్యే సంగతి కాదు. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, కొవ్వు కరిగించుకుంటూనే కండ పెంచుకోవడం ఎలాగో చెప్పేవాళ్లు బారులు తీరి ఉంటారు. నాకు అలాంటి గురువులెవరూ లేరు. మా నాయన ఉన్నాడు. ఆయనకు రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. (మా పాప పక్కనే నిద్రపోతోంది. ఒక చెవి దాని ఊపిరి మీద పెట్టి రాస్తున్నాను కాబట్టి మధ్యలో ఎక్కడైనా తెగితే క్షమించాలి.)

డిగ్రీ అయ్యాక నాకు కానిస్టేబుల్ ఉద్యోగం మీద మనసు పడింది. మొదటి రాతపరీక్ష సులువుగానే గట్టెక్కాను. తర్వాత నెల్లూరు మైదానంలో పరుగు. పదహారు వందల మీటర్లు, అంటే మైదానం చుట్టూ నాలుగు చుట్లు, పదిన్నర నిమిషాల్లో. రెండు చుట్లు బాగానే తిరిగాను. మూడోదాంట్లో కళ్ల ముందు మైదానం వంగి, పైకి లేచి, నా మీదకు వచ్చింది. చేతులు చూస్తే చీపురుపుల్లలు, పొట్ట చూస్తే మరమరాల బస్తా. పుస్తకం ముందు కూర్చుని మురుకులు నమిలిన రెండేళ్ల ఫలితం. మరుసటి ఏడు మళ్లీ ప్రకటన పడింది, రాతపరీక్ష మళ్లీ పాసయ్యాను, పరుగుకు నాలుగు నెలల గడువు దొరికింది. ఈసారి కూడా పడిపోతే ఇక పోలీసు మాట ఎత్తనని ఇంట్లో నేనే అన్నాను. అన్న మరుక్షణం నుంచి నాకు నిద్ర పట్టలేదు.

నాయన మాత్రం ఆ "నాలుగు నెలలు" అనే మాట దగ్గర ఆగిపోయాడు.

"నాలుగు నెలలంటే ఒక పంట కదమ్మే! గింజంత పిల్లని తెచ్చి నాలుగు నెలల్లో బెత్తెడు రొయ్యని చేస్తుండా. ఇంత మనిషివి ఉండావు, నిన్ను చెయ్యలేనా?"

"అది బిడ్డయా, రొయ్య కాదు," అంది అమ్మ కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండా. అమ్మ ఊరందరికీ జాకెట్లు కుడుతుంది. తల ఎత్తితే కుట్టు వంకర పోతుంది కాబట్టి మా ఇంట్లో పెద్ద పెద్ద తగాదాలన్నీ ఆమె తల దించుకునే ఆడేది.

మరునాటి నుంచి నా పెంపకం మొదలైంది. రొయ్యలకు ఒకేసారి కుమ్మరించకుండా రోజుకు నాలుగు సార్లు కొద్దికొద్దిగా మేత వేస్తారు. నాకూ నాలుగు సార్లు. ఉడికించిన గుడ్లు, నానబెట్టిన శనగలు, చేపముక్కలు, రాగిసంకటి. మురుకుల డబ్బా అటక ఎక్కింది. చెరువులో అయితే మేత కొంచెం ఒక పళ్లెంలో పెట్టి నీళ్లలోకి దించి, రెండు గంటల తర్వాత పైకి లాగి చూస్తారు, మిగిలిందంటే రొయ్యకు ఆకలి లేనట్టు లెక్క. నాయన నా కంచానికీ అదే తనిఖీ పెట్టాడు. శనగలు మిగిలాయంటే మరుసటి పూట కోత. కోత భయంతో మిగిలినవన్నీ మా కుక్కకు పెట్టేదాన్ని. రెండు నెలలకు ముందు దానికే కండలు వచ్చాయి. మనుషుల ముందు కూడా ఆయన నోరు మారేది కాదు. "బిడ్డ పొద్దున మేత తినిందా?" అని వీధిలోంచి కేకేసేవాడు. "అన్నం అనలేవా, నీ నోరు పడిపోనూ!" అనేది అమ్మ.

పొద్దున్నే చెరువు గట్టు మీద పరుగు, ఒక చుట్టు ఇంచుమించు మైదానం చుట్టంతే. ఒక పక్క నీళ్లు, ఒక పక్క ఉప్పు పేరుకున్న నేల, కాళ్ల కింద ఎండ్రకాయల బొక్కలు. మొదటి రోజు గట్టు నాలుగు చుట్లు తిరిగేసరికి పద్నాలుగు నిమిషాలు పట్టింది (అందులో రెండు నిమిషాలు ఒక ఎండ్రకాయతో బెదిరింపులకు పోయాయి). రేవు నుంచి చేపల గంపతో వచ్చే అవ్వ ఒకామె రోజూ ఆగి చూసేది.

"ఏందిమే, ఎవురు తరుముతుండారు?"

"ఎవురూ లేరవ్వా, పోలీసు ఉద్యోగానికి."

"దొంగలు గదా పరిగెత్తాల్సింది, నువ్వెందుకు?"

పరుగు తర్వాత పాతిక కిలోల మేత బస్తా భుజాన వేసుకుని ఇంటి పక్క షెడ్డు నుంచి చెరువు దాకా మోయాలి. మొదట్లో సగం బస్తాకే కళ్లు బయటికి వచ్చేవి. రెండో నెల చివరికి పూర్తి బస్తా మోసుకుంటూ అవ్వతో కబుర్లు చెప్పే స్థితికి వచ్చాను. పరుగులో పదకొండున్నర నిమిషాలకు దిగాను. రాత్రి దీపం ఆర్పి, ఎవరూ చూడకుండా చెయ్యి మడిచి, జబ్బ మీద వేలుపెట్టి నొక్కి చూసుకునేదాన్ని. అక్కడ ఏదో చిన్న నిమ్మకాయ లాంటిది ఉన్నట్టే అనిపించేది.

చిక్కంతా ఆదివారాలతో వచ్చింది. వారానికోసారి వల విసిరి రొయ్యల్ని తూచి, ఎంత పెరిగాయో రాసుకుంటారు. అదే పుస్తకంలో వెనక పేజీ నాది. షెడ్డు దూలానికి వేలాడే కాటా, దానికి రొయ్యల ప్లాస్టిక్ పెట్టె, పెట్టెలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని నేను. మొదటి వారం యాభై ఎనిమిది కిలోలు. రెండో నెలా యాభై ఎనిమిదే. మూడో నెలా యాభై ఎనిమిదే. నాయన ముఖం నల్లబడింది. మేత తింటూ తూకం పెరగని రొయ్యకు జబ్బు ఉన్నట్టే. ఒక సాయంత్రం నీటి పరీక్షలు చేసే లాబు సారును స్కూటరు మీద ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. యాభై దాటిన పెద్దమనిషి. ఏ చెరువుకు జబ్బు అని సీసాలు విప్పుతుంటే నాయన నన్ను చూపించాడు.

"అన్నా, నేను నీళ్లకు చెప్తా, మనుషులకు చెప్పనన్నా," అన్నాడు లాబు సారు బిత్తరపోయి.

"నాలుగు పూటలా తింటా ఉండాది సార్. మూడు నెల్లు. ఒక్క గ్రాము పెరగలా!"

ఆయన నన్నూ, నా భుజం మీదున్న బస్తానూ చూసి నవ్వాడు. "రొయ్యని కాటాలో వేసే ముందు ఏం చేస్తావన్నా? పట్టి చూస్తావు గదా, డొప్ప లోపల కండ నిండిందా, ఊరికే నీళ్లా అని. బిడ్డని చూడలేదా?"

అమ్మ అప్పుడు మిషను మీద నుంచి మొదటిసారి తల ఎత్తింది. మెడలోని టేపు తీసి నా నడుముకు చుట్టి, "ఈ మూడు నెల్లలో దీని బట్టలు రెండుసార్లు లోపలికి కుట్టినా. భుజాల కాడ మళ్లీ విప్పి వదులు చేసినా. కొవ్వు పోయిన చోటికి కండ వచ్చి కూర్చుంటే కాటాకేం తెలుస్తాది? నన్నడిగితే ఎప్పుడో చెప్పేదాన్ని," అంది. నాయన వంగి టేపు మీద అంకె చదివాడు. తర్వాత పుస్తకంలో నా పేజీలో తూకం కొట్టేసి నడుము అని రాసుకున్నాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. పరుగు తేదీ వచ్చింది. సరిగ్గా అమావాస్య మర్నాడు. అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్యలు కుబుసం విడుస్తాయి. ఒళ్లు మెత్తబడుతుంది, సరిగా తినవు, అందుకని ఆ రెండు రోజులూ మేత సగానికి తగ్గిస్తారు. మొదటి నెల నుంచీ నాయన నాకూ ఆ నియమం పెట్టాడు. సగం తిండితో నేను గట్టు మీద ఈడ్చుకుంటూ తిరుగుతుంటే, "చూసినావా, అమావాస్యకి మెత్తబడతా ఉండాది, నేను చెప్పలా!" అని అమ్మకు రుజువులు చూపించేవాడు. ఆకలికి మెత్తబడ్డానని ఆయనకు తట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాలుగు నెలల నమ్మకంలో నాకూ తట్టలేదు.

ఆ అమావాస్య మధ్యాహ్నం కంచంలో సగం సంకటి, ఒక్క గుడ్డు. సాయంత్రానికి నా కళ్లు అటక మీది మురుకుల డబ్బా మీదికి పోతున్నాయి. భయమో ఆకలో తెలియదు. చీకటి పడకముందే అమ్మ అన్నం వార్చి చేపల పులుసు దించింది. నాయన గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"రేపు మెత్తబడితే ఎవురిది బాధ్యత?"

"ఈ రాత్రి తినకపోతే మూడో చుట్టులో పడతాది. అప్పుడు ఎవురిదయా?" అంది అమ్మ.

"నాయనా, నాకు ఆకలవుతా ఉండాది," అన్నాను నేను. అంతకంటే పెద్ద వాదన ఏదీ నా దగ్గర లేదు.

ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. "పోయినసారి నేను గేటు బయట ఉండాను మే. లోపల ఏం జరిగిందో కనపడలా. ఇద్దరు ఆడ పోలీసులు నిన్ను రెక్కలు పట్టుకొని తీసుకొచ్చినారు. నీ మొకం సున్నం మాదిరి ఉండాది. నేనేం చెయ్యాలో నాకు తెలీలా. నాకు తెలిసిన పెంపకం ఇదొక్కటే గదా," అన్నాడు. కాసేపటికి ఆయనే లేచి, చెయ్యి కడుక్కుని, అన్నంలో పులుసు కలిపి, ముల్లు తీసి, నాకు ముద్దలు పెట్టాడు. ఎన్ని తిన్నానో లెక్కపెట్టలేదు. పుస్తకంలో కూడా రాయలేదు.

మర్నాడు మైదానంలో మొదటి చుట్టులో అందరికంటే వెనక ఉన్నాను. గట్టి నేల మీద కాళ్లు ఎక్కడా కూరుకుపోకపోవడం కొత్తగా అనిపించింది. రెండో చుట్టులో ఇద్దరిని దాటాను. మూడో చుట్టు రాగానే, పోయినసారి పడిన మలుపు కనబడగానే, మైదానం మళ్లీ వంగుతుందేమోనని చూశాను. వంగలేదు. అది ఉన్నచోటే ఉంది, నేనే కదిలిపోతున్నాను. నాలుగో చుట్టులో తొడలు మండాయి, కళ్లలో చెమట దిగింది, నా ముందున్న అమ్మాయి జడ తప్ప ఇంకేమీ కనబడలేదు. గీత దాటాక ఆగడం మర్చిపోయి ఇంకాస్త పరుగెత్తాను. గడియారం పట్టుకున్నాయన "చాలమ్మా, పది నిమిషాల పన్నెండు సెకన్లు" అని కేకేశాడు. పద్దెనిమిది సెకన్లు మిగిలాయి. గేటు బయట నాయన నన్ను చూసి ముందు నా మొహం చూశాడు, తర్వాత నా రెక్కలు ఎవరూ పట్టుకోలేదని చూశాడు. గేటు ఊచలకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

ఇప్పటికీ ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. పాప పుట్టాక తీసుకున్న సెలవు ముగుస్తోంది. మళ్లీ ఒంట్లో బలం తెచ్చుకోవాలి. తెల్లవారుజామున అమ్మకు పాపను అప్పగించి, అది ఏడుస్తోందేమోనని పదడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ రోడ్డు మీద పరుగెత్తుతున్నాను. అదే పదహారు వందల మీటర్లకు మొదటి రోజు పదహారు నిమిషాలు. నిన్న పద్నాలుగున్నర. ముందు ఎవరూ ఉండరు గానీ, నాకు మాత్రం ఒక పిల్ల కనబడుతుంది. జబ్బ మీద నిమ్మకాయంత కండ ఉందని మురిసిపోయే పిల్ల, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా పోతూ ఉంటుంది. దాన్ని పట్టుకుంటానని నాకు ఆశ లేదు. మలుపు తిరిగేదాకా కనుచూపులో ఉంచుకుంటే చాలనుకుంటాను. ఈమధ్య అది కాస్త నెమ్మదిగా పోతున్నట్టుంది.