కొడుకుకన్నా చిన్న తల్లి

ఆ రోజుల్లో సినిమా తీయడానికి కావలసింది ధైర్యమొక్కటేనని గట్టిగా నమ్మేవాళ్లం. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. జనగామలో ఇవాళ బంద్ అయితే రేపు రాస్తారోకో. ఆ సందట్లోనే మా చిన్నన్న, అతని దోస్తు డైరెక్టరన్న కలిసి, చెడు సావాసాలు పట్టిన ఓ పదహారేళ్ల పిల్లవాడు తిరిగి మనిషయ్యే కథ మొదలుపెట్టారు. పిల్లవాడు మా చిన్నన్నే (మీసం తీసేస్తే పదహారేనని అతని వాదన, అప్పటికి ఇరవై ఆరు). తల్లి వేషానికి ఎవరూ దొరక్క, ఇరవై రెండేళ్ల నాకే జుట్టుకు పౌడర్ కొట్టి, ముఖాన ముడతలు గీసి, మా అవ్వ చీర కట్టించారు. వేషం కుదిరింది గానీ ఏడుపు రాలేదు. "నీ కొడుకు కరాబయిండు చెల్లే! పెండ్లికొచ్చినట్టు నిలబడ్తవేంది?" అని డైరెక్టరన్న తల పట్టుకునేవాడు.

ఓ ఉదయం, పిల్లవాడు బస్సు మీదికి రాయి ఎత్తే సీను. సహజంగా ఉండాలని కెమెరాను దూరంగా ఆటోలో దాచారు. అన్న రాయి ఎత్తాడో లేదో, పక్క చౌరస్తాలో రాస్తారోకోను చెదరగొట్టి వస్తున్న పోలీసు జీపు ఆగింది. "సినిమా సార్!" అని అన్న మొత్తుకున్నాడు. "కెమెరా ఏదిరా?" అన్నారు వాళ్లు. చూస్తే ఆటోనే లేదు. అద్దె కెమెరాకు ఏమవుతుందోనని డైరెక్టరన్న ఉడాయించాడు.

అన్నకు సర్కారు కొలువు వచ్చేలా ఉంది. కేసయితే అంతే సంగతులు. తర్వాతి సీను కోసం తల్లి వేషంలో కాచుకున్న నేను, అన్నను జీపెక్కించగానే అలాగే స్టేషన్‌కు పరుగెత్తాను. నిజం చెబుదామనే వెళ్లాను గానీ, బెంచీ మీద మీసం లేని ముఖంతో దిగాలుగా కూర్చున్న అన్నను చూడగానే, ఇన్నాళ్లూ రాని ఏడుపు తన్నుకొచ్చింది. ఎస్సై కంగారుపడ్డాడు. "ఏడ్వకవ్వా, నీ కొడుకునేం జేయలే. జర మొఖం కడుక్కో" అని నీళ్లిప్పించాడు. కడుక్కుని తలెత్తేసరికి స్టేషనంతా నన్నే చూస్తోంది.

"ఏందిది? కొడుకుకన్న తల్లే చిన్నగున్నది!" అన్నాడు ఎస్సై.

"తల్లిని కాదు సార్, చెల్లెను. గదే సార్, సినిమా..."

ఆయన నవ్వాపుకోలేక టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "పోండ్రి. రాళ్ల సీన్లు ఇంట్ల దీసుకోండ్రి." బయటికొచ్చి, గోడకానుకుని ఇద్దరం నవ్వాం. సంగతంతా విన్న డైరెక్టరన్న మాత్రం, "గా ఏడుపేదో కెమెరా ముంగట ఏడ్వకపోతివి!" అని వాపోయాడు.

ఎలాగో సినిమా పూర్తయ్యాక, మహబూబాబాద్‌లో ఓ థియేటర్‌ వాళ్లు పొద్దుటాట ఇచ్చారు. సగం మంది మా చుట్టాలే. ఏ పేపరూ ఒక్క ముక్క రాయలేదు. కానీ ఆట విడిచాక, పక్క సీట్లోని ముసలమ్మ (నన్ను గుర్తుపట్టలేదు) కళ్లు తుడుచుకుంటూ, "గా పోరడు మల్ల తప్పుదోవ వట్టడు గద బిడ్డా?" అని అడిగింది. "పట్టడవ్వా, నాది పూచీ" అన్నాను. ఇప్పుడు మా ఇంట్లో నిజంగానే నాకో పదిహేడేళ్ల కొడుకున్నాడు. వాడు తలుపు ధడాలున వేసుకున్నప్పుడల్లా, అంత తేలిగ్గా పూచీ ఇచ్చేసిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను.