మండువా ఇంటి గోడలకెక్కిన చెమ్మ

1998 వేసవి. నరసాపురంలో బిల్డింగు ప్లాన్లు గీసుకునే సివిల్ ఇంజనీరుని నేను. మొగల్తూరు దగ్గర ఒక పల్లె నుంచి సూర్యనారాయణరాజు గారు కబురు పంపారు. తాతగారు కట్టించిన మండువా ఇల్లు వాళ్ళది. నడిమధ్య ఆకాశం కనిపిస్తుంది, చుట్టూ టేకు స్తంభాలు. గోడలు తడిసి పెచ్చులూడుతున్నాయి. ఇల్లు నిలబడదని ఇంజనీరు చెబితే వానల్లోపే పడగొట్టి డాబా వేద్దామని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. తమ్ముడు చలపతిరాజు గారైతే కొత్త ప్లాను గీసెయ్యమని నన్ను ముందే అడిగేశారు. ఇల్లు చూడకుండా చావుకబురు చెప్పడం నావల్ల కాదన్నాను.

ముందు ప్లంబ్ బాబ్, అంటే దారానికి కట్టిన గుండు, వేలాడదీసి చూశాను. గోడ ఎక్కడా వాలలేదు. ఆ తర్వాత పిడికిలితో కొట్టుకుంటూ వెళ్ళాను. పైన పాత గానుగ సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం పూత, రాయిలా ఉంది. కిందంతా సిమెంటు, గుల్లగా మోగుతోంది.

"ఈ సిమెంటు ఎవరు చేయించారండీ?"

"ఆయ్, నేనేనండీ!" అన్నారు అన్నగారు, అదే పెద్దరాజు గారు, హుషారుగా. "వరదనీళ్ళు లోపలికొచ్చిన కాడ్నుంచి ఏటా కొట్టిస్తున్నానండీ. ఎక్కడ తడి కనబడితే అక్కడ ఇంకో పూత!"

"రాజుగారూ, ఇంటికి పట్టిన జబ్బు అదేనండీ."

ఆయన మొహం మాడిపోయింది. జాలేసింది, కానీ ఇలాంటివి నసుగుతూ చెప్పే అలవాటు నాకు లేదు. నేలలోని తడి గోడ పట్టుకుని పైకి పాకుతుంది. మేం రైజింగ్ డ్యాంప్ అంటాం. సముద్రం దగ్గర కాబట్టి ఆ తడిలో ఉప్పు కూడా ఉంటుంది, పూతను పెచ్చులూడగొట్టేది అదే. సున్నం తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. దారిలేక తడి ఇంకా పైకెక్కి, అప్పుడే దూలాల కొనల్ని పట్టుకుంటోంది.

"అంటే... నా చేతుల్తో నేనే..." అంటూ ఆ సిమెంటు పూత మీద చెయ్యేశారాయన.

"ఇదంతా ఎందుకండీ బాబూ, పడగొట్టేస్తే పోద్ది కదా!" అన్నారు చలపతిరాజు గారు.

"నిలబడుతుందని నేను కాగితం మీద రాసిస్తానండీ. కూలితే ఊరంతా నా పేరు చెప్పి తిట్టండి."

"సరేనండీ, ఈ వానాకాలం చూద్దాం. మళ్ళీ పెచ్చులూడాయంటే మటుకు ఇంక నా మాటేనండి," అన్నారు తమ్ముడుగారు.

మర్నాడే సిమెంటు చెక్కించడం మొదలుపెట్టాం. పెద్దరాజు గారు ఎంత చెప్పినా వినకుండా తానూ ఉలి పట్టుకున్నారు. ఆయన భార్య, "ఈ దుమ్ముతో వంటెలా చెయ్యనండీ?" అని నన్నే కేకలేశారు. ఎండలకు గోడలు ఆరనిచ్చాం. పుచ్చిన దూలాల కొనలు కోసి కొత్త టేకు అతికించాం. సున్నం పని తెలిసిన మేస్త్రి కోసం కోరుకొండ దాకా తిరిగి, సిమెంటు తీసిన చోటల్లా అతనితో మళ్ళీ గానుగ సున్నమే పూయించాను.

వానలు దంచి కొట్టాయి. అవి వెనకబట్టాక వెళ్ళేసరికి అన్నదమ్ములిద్దరూ గోడ దగ్గరే ఉన్నారు. నేలను ఆనుకుని జానెడు మేర చల్లగా ఉంది, ఆ పైనంతా పొడి. ఒక్క పెచ్చూ ఊడలేదు. చలపతిరాజు గారు అరచేత్తో గోడంతా తడిమి చూసుకున్నారు.

"ఆ డాబా ప్లానేదో నా దొడ్లోకి గీయండి ఇంజనీరుగారూ. దీని జోలికి మటుకు ఎవరూ రావద్దు," అన్నారు.

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత ఏ పాత ఇంటికి పిలిచినా టేపు తీయకముందే, ఈ ఇల్లంటే ఎక్కువ ప్రాణం ఎవరికని అడుగుతాను. వాళ్ళేమేం బాగు చేయించారో చూపించమని, ముందు అక్కడే కొట్టి చూస్తాను.