మేడమ్ మాట్లాడకముందే పంచిన పేడాలు

నేను బీఏ పాసయ్యాను! సెకండ్ క్లాసు! అమ్మ వైపు చూసినా బాపు వైపు చూసినా మా ఇంట్లో డిగ్రీ అన్న మాట నాతోనే మొదలు. నిన్న పొద్దున వరోరా కాలేజీ గోడ మీద నా నంబరు చూసుకున్నాను. పక్కనున్న ముక్కూమొహం తెలియని అమ్మాయి చేత కూడా చూపించుకున్నాను. అప్పటికీ నమ్మకం కుదరక ప్యూన్‌ని అడిగితే, "పాస్ ఝాలీస్ గ, ఆతా ఘరీ జా" అని విసుక్కున్నాడు. పాసయ్యావు, ఇక ఇంటికి పో అని. అంత తియ్యటి విసుగు నేనెప్పుడూ వినలేదు.

ఇలాగే రాసుకుంటూ పోవాలని ఉంది. కానీ నిన్న సాయంత్రం నేను చేసిన పని అడ్డం వస్తోంది.

నిన్న మా పెద్ద మేడమ్ రిటైరయ్యారు. మాజ్రి దగ్గర, తెలుగువాళ్లం ఎక్కువగా ఉండే మా బొగ్గు గని కాలనీలో ఏడో తరగతి దాకా మరాఠీ బడి ఉంది. ఆమె దానికి హెడ్‌టీచర్. ఎనిమిది నుంచి వరోరా పోవాలి, రైల్లో. చాలా ఇళ్లలో ఆడపిల్లల చదువు మా స్టేషన్ దగ్గరే ఆగిపోయేది. పొద్దుటి బండి సమయానికి రాదు. బొగ్గు వ్యాగన్ల పక్కన, ఊరికే టీలు తాగుతూ కూర్చునే మగవాళ్ల మధ్య పిల్లలు అంతసేపు ఎలా ఉంటారని తల్లిదండ్రుల భయం.

మేడమ్ ఉండేది వరోరాలో. ఆమెను ఇటు తెచ్చే బండి ముందు వస్తుంది, పిల్లల్ని అటు తీసుకుపోయే బండి తర్వాత వస్తుంది. ఆమె దిగి నేరుగా బడికి పోయేది కాదు. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, మా బండి వచ్చేదాకా మాతోపాటు బెంచీ మీద కూర్చునేది. ఎవడైనా మా చుట్టూ రెండోసారి తిరిగితే చాలు, "ఏం నాయనా, ఏ బండికి పోతున్నవ్? టికెట్ ఏది, చూద్దాం?" అని అడిగేది. వాడు మళ్లీ కనిపించేవాడు కాదు. మా బాపు గనిలో పనిచేస్తాడు, సంతకం తప్ప రాయడం రాదు. నా ఏడో తరగతి అయిపోగానే, "మేడమ్ కూసుంటనంటెనే పంపుత. లేకుంటె లేదు" అని తేల్చేశాడు. ఆమె కూర్చుంది. నేను చదివాను. నా వెనక ఎన్నో ఇళ్ల పిల్లలు చదివారు.

వీడ్కోలు సభలో ఆమె కంటే ముందు పాత విద్యార్థిగా నన్ను మాట్లాడమన్నారు. మేడమ్ గురించి చెప్పాల్సింది రైల్లో వస్తూ మనసులో కూర్చుకున్నాను. మైకు చేతికి రాగానే అదంతా ఎగిరిపోయింది. "నేను బీఏ పాసైన!" అన్నాను. చప్పట్లే చప్పట్లు. ఆ చప్పట్లు చాలక నా పేపర్ల గురించి, నా పరీక్షల గురించి, ఎమ్మే కూడా చదువుతానని, ఏవేవో చెప్పుకుంటూ పోయాను. ముందు వరుసలో దూద్‌పేడా డబ్బాలు పట్టుకుని కూర్చున్న బాపు, "పంచాల్నా బిడ్డా?" అన్నట్టు చెయ్యి ఊపాడు.

నేను తల ఊపాను.

మా కాలనీలో ఏ సభకైనా పేడా ఆఖరున వస్తుంది. అది చేతిలో పడిందంటే సభ అయిపోయినట్టే. సెకండ్ షిఫ్టు వాళ్లు డ్యూటీకి, దూరపు గనుల వాళ్లు లారీకి, ఆడవాళ్లు వంటకు లేస్తారు. ఇది నాకు తెలియని సంగతి కాదు. పుట్టి పెరిగింది అక్కడే.

"తీస్కోండ్రి, తీస్కోండ్రి! నా బిడ్డ బియ్యే పాసైంది!"

"ఏందన్నా, ఒక్కటేనా? బియ్యేకు రెండియ్యాలె!"

"రెండోది నీ బిడ్డ పాసైనప్పుడు నువ్వే తినిపియ్, తీ!"

నవ్వులు, తోపులాట, లారీ హారన్. మేడమ్ శాలువా భుజాన వేసుకుని మైకు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలు ఖాళీ. టీచర్లు, మైకువాడు, మేం. ఆమె మైకు ఆపేయమంది.

"బాపుకు చెప్పకు బిడ్డా, బాధపడ్తడు" అంది. "మంచిగనే పంచిండు. తియ్యగున్నయ్."

"మీరేం చెప్దామనుకున్నరు మేడమ్?"

"ఒక్కటే. రేపటి సంది నేను రాను గదా. పొద్దుగాల పిల్లలతోని ఎవలు కూసుంటరు? ఇంటికొక దినం వంతులేసుకోండ్రి అని అడుగుదామనుకున్న. అందరు ఒక్కకాడ ఉన్నప్పుడు అడిగితె ఒకల మొగం చూసి ఒకలు ఒప్పుకుంటరు. విడివిడిగ అడిగితె కుదరదు."

నేను కూర్చుంటానన్నాను.

"నువ్వా? నౌకరీ దొరికెదాంక కూసుంటవ్. ఆ తర్వాత?"

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. బండి వేళయిందని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. బాపు ఖాళీ డబ్బాలు సంచీలో సర్దుకుంటూ, "మేడమ్ ఎక్వ మాట్లాడలేదేంది?" అన్నాడు. అలసిపోయారని చెప్పాను.

ఈ రోజు పొద్దున స్టేషన్‌కు పోయాను. రోజూ బెంచీ నిండా ఉండే పిల్లలు ముగ్గురే ఉన్నారు. ఒక పిల్ల చెయ్యి పట్టుకుని వాళ్లమ్మ కూడా వచ్చింది, మా క్వార్టర్ల వరుసలోనే ఉంటుంది.

"మేడమ్ రాదంట గదా ఇగ. ఇయ్యాల ఒక్కనాడు పంపుతున్న. రేపటి సంది మా పోరి ఇంట్లనే" అంది.

"వంతులేసుకుందాం అత్తా, ఇంటికొక దినం. మేడమ్ నిన్న గదే అడుగుదామనుకున్నరు."

"మరి అడగలేదేంది?"

"అడగకముందే పేడాలు పంచిన్రు."

"గప్పుడే ఎవలు పంచమన్నరు?"

"నేనే."

అత్త నన్ను కిందికీ మీదికీ చూసింది. "బియ్యే సదివినవ్ గాని సభ సంగతి తెల్వకపాయె" అంది. బండి వచ్చింది. పిల్లను ఎక్కించాక, చీర కొంగు దులుపుకుంటూ, "శుక్రారం నేనొస్త. కడ్మ దినాలు నువ్వు చూస్కో" అని వెళ్లిపోయింది.

మిగతా పిల్లల తల్లిదండ్రులు తలో గని దగ్గర ఉంటారు. నడిచి తిరిగితే వారం పడుతుంది, ఆలోగా పిల్లలు ఇంట్లో పనికి అలవాటు పడిపోతారు. అందుకే ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నాను. మేడమ్ అన్నట్టే ఉంది, విడివిడిగా అడిగితే కుదరడం లేదు. ఇప్పటికి ఒకాయన "చూద్దాం" అన్నాడు, ఒకామె నా పాసుకు సంతోషపడి, వంతు మాట ఎత్తగానే ఫోను పెట్టేసింది.

ఇంకా చెయ్యాల్సినవి:

పాత గనిలో హాజరు వేసే టైమాఫీసు. కవల పిల్లల తండ్రి షిఫ్టు దిగగానే పిలిపించాలి. సోమవారం వంతు అడగాలి.

రైల్వే గేటు దగ్గరి కిరాణా సేటు. ఆయన మనవరాలిదీ ఎనిమిదో తరగతే. మంగళవారం.

చర్చి పాస్టరమ్మ. శనివారానికి ఆమె ఒప్పుకుంటే ఇంకో ఇద్దరు ఒప్పుకుంటారు.

"చూద్దాం" అన్నాయన. మళ్లీ.

ఫోను పెట్టేసినామె. మళ్లీ. ఈసారి నా పాసు సంగతి ఎత్తకుండా.

ఆవర్‌పూర్‌లో మా మేనమామ. బీఏ సంగతి ఆయనకింకా తెలియదు, చెప్పాలి.

వరోరాలో మేడమ్ పక్కింటివాళ్లు, ఆమెను ఫోను దగ్గరికి పిలవమని. ఆరు రోజులకూ మనుషులు కుదిరాకే.