ఒకే నంబరుకు ఏడు పేర్లు

2023 ఫిబ్రవరి. ఖమ్మంలో వైరా రోడ్డు మీద ఒక మేడమీది గదిలో మా ఈవెంట్ ఆఫీసు. అంతకుముందు ఇరవై రెండేళ్లు దినపత్రిక డెస్కులో పనిచేశాను. వయసు మీదపడ్డాక పెళ్లిళ్లు, సభలు, షాపు ప్రారంభాలు జరిపించే ఈ పనిలోకి వచ్చాను.

ఆ ఏడాదే చందా కట్టి ఒక ఈవెంట్ ప్లాట్‌ఫామ్ తీసుకున్నాను. ఆహ్వానాలు, అతిథుల జాబితా, బండ్లు, భోజనాలు, కుర్చీల అమరిక అన్నీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. పేరు, ఫోన్ నంబరు ఎక్కిస్తే ఆ మనిషి పేరుతోనే ఆహ్వానం వెళుతుంది. అందుకున్నవారు ‘వస్తున్నాను’ అన్న బటన్ నొక్కితే మా జాబితాలో ఒక కుర్చీ, ఒక భోజనం పెరుగుతాయి. అంతకుముందు నాలుగు నోటుబుక్కులు, పది వాట్సాప్ గ్రూపులు పెట్టుకుని చేసిన పని అది. కొత్తగా కొన్నవాడికి ఉండే మురిపెం నాకూ ఉండేది.

ఖాసింబీ అనే ఆమె అప్పుడే వచ్చింది. యాభై ఐదు దాటి ఉంటాయి. ఖమ్మంలో బ్లౌజులు కుడుతుంది. ఆమె ఊరు మద్దిరేవు, గోదావరి ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు ముంపు పేరుతో ఆరేళ్ల కింద ఖాళీ చేయించారు. కొందరు ఖమ్మం చేరారు, కొందరు టేకులపల్లి వైపు వెళ్లారు, మిగిలినవాళ్లు ఆంధ్ర సరిహద్దు అవతల పునరావాస కాలనీలో ఉన్నారు.

“ఊరోళ్లంత ఒక్కపూట ఒక్కకాడ కూసోవాలె సార్. గంతే” అంది.

సాఫ్ట్‌వేర్ మొదట అడిగేది వేదిక. అదే అడిగాను.

“ఊర్లనే పెట్టుకుందుము. నీళ్లు తోడి పోస్తవా?” అని నవ్వింది.

చివరకు భద్రాచలంలో ఒక ఫంక్షన్ హాలు కుదిరింది. సీటింగ్ ప్లాన్ తెరిచాను. హాలు బొమ్మ మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందే గుర్తించి పెట్టే పద్ధతి అది. మామూలుగా ముందు వరుస పెద్దమనుషులకు పోతుంది. ఖాసింబీ ఒప్పుకోలేదు.

“మాకు వీఐపీలు లేరు సార్. రేవు బజారు గిటు, మసీదు బజారు గటు. ఇండ్లు ఎట్లుండెనో కుర్చీలు గట్లనే.”

ఒక్కో ఇంటి పేరు చెబుతూ పోయింది, నేను ఒక్కో కుర్చీకి పేరు పెడుతూ పోయాను. తన పక్క కుర్చీ దగ్గర ఆగింది.

“గది ముత్తమ్మది. మా ఇంటికి, వాళ్లింటికి ఒకటే గోడ. ఊరిడిసే నాడు లారీ పొద్దుగాలనే వచ్చింది సార్. ఆమె తునికాకు కోయను అడవికి పోయింది. చెప్పకుంటనే వచ్చేసిన.” ఆ కుర్చీ బొమ్మ మీద వేలు పెట్టి, “గామె కోసమే ఇదంత” అంది.

కాలనీ నుంచి పేర్లు కాగితం మీద వచ్చాయి. కూర్చుని ఎక్కించాను. తెర మీద ఎర్రగా ఒక హెచ్చరిక వచ్చింది: డూప్లికేట్లు ఉన్నాయి, మెర్జ్ చేయాలా? ఒకే మనిషి జాబితాలో రెండుసార్లు వస్తే కలిపి ఒకటి చేయడాన్ని మెర్జ్ అంటారు. కలపకపోతే భోజనాల లెక్క తప్పుతుంది. డెస్కులో ఉన్నన్నాళ్లూ ఒకే వార్త రెండు చోట్ల కనిపిస్తే ఒకటి కొట్టేయడమే నా పని. చూసుకోకుండానే ‘అవును’ నొక్కాను.

ఆహ్వానాలు వెళ్లాయి. ఖాసింబీ రోజూ ఫోన్ చేసేది.

“ముత్తమ్మ జవాబిచ్చిందా సార్?”

నాలుగో రోజు అతిథుల జాబితాలో పేరు కొట్టి వెతికాను. లేదు. “ఆ పేరు జాబితాలోనే లేదమ్మా. కాలనీవాళ్లు పంపలేదు” అన్నాను. కాగితం నా సొరుగులోనే ఉంది. తీసి చూడలేదు.

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

“కాలనీలో ఎవరినైనా అడగనా?” అన్నాను.

“వద్దు సార్. అడిగితే లేదంటరేమో. అడగకుంటె ఉన్నట్టే ఉంటది.” తర్వాత మెల్లగా, “ఆమె కుర్చీ మాత్రం తియ్యకుర్రి” అంది.

ఆ తర్వాత ఆమె ఫోన్ చేయలేదు.

కార్యక్రమం రోజు గుమ్మం దగ్గర నేనే చెక్-ఇన్ చూశాను. ఆహ్వానంతో వచ్చిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి లోపలికి పంపడమే చెక్-ఇన్. పదకొండు గంటలకు కాలనీ వైపు నుంచి లచ్చయ్య అనే ఆయన వచ్చాడు. ఒక్కడే.

“మీ బజారువాళ్లు రాలేదా?” అన్నాను.

“ఎట్ల వస్తరు సార్? నన్నొక్కన్నే పేరుపెట్టి పిలిచిండ్రు. మిగిలినోళ్లు చిన్నబుచ్చుకున్నరు.”

“అందరి నంబర్లకూ పంపానే.”

“మా ఏడిండ్లకు ఒకటే ఫోను సార్. నాదే.”

ఏడు పేర్లకూ ఒకటే నంబరు. సాఫ్ట్‌వేర్ ఏడుగురిని ఒక్క మనిషి అనుకుంది. నేను అవునన్నాను.

“వాళ్లలో ముత్తమ్మ ఉందా?”

“ఉంది. మొన్న చింతపండు కొట్టుకుంట ఒక్కటే సణుగుడు. బూబమ్మ యాదిమరిచిందని. గదే, మన ఖాసింబీ.”

ఖాసింబీకి చెప్పాను. హాలునిండా ఆమె ఊరు కూర్చుని ఉంది. ఒకసారి చుట్టూ చూసి, “బండి ఉందా సార్?” అంది.

భోజనాలు మొదలవుతుండగా బయల్దేరాం. గంటన్నర దారి. కాలనీలో ఇళ్లన్నీ ఒకే అచ్చు. ముత్తమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడింది. ఖాసింబీ అరుగు ఎక్కకుండా రోడ్డు మీదే నిలబడింది.

“ముత్తమ్మా!”

“నీకు లచ్చయ్యనే కానొచ్చిండు గద. పో, వాన్నే పిలుచుకో.”

“తప్పు నాదమ్మా. కంప్యూటర్లో మీ పేరు పోయింది” అన్నాను.

ఆమె నా వైపు చూడనైనా లేదు. “కంప్యూటర్‌కు నా పేరు తెల్వదు. నీకు తెల్వదానె, బూబమ్మా?”

“నువ్వు లేవనుకున్ననే.”

ముత్తమ్మ చేతులు ఆగాయి. “సచ్చిననుకున్నవా? సచ్చినోళ్లకు ఎవరన్న కుర్చీ ఏస్తరానె?”

“ఏశిన. ఎవ్వర్నీ కూసోనియ్యలే.”

అప్పుడు లేచింది. చింతపండు చేతులతోనే వచ్చి ఖాసింబీ భుజం పట్టుకుంది. ఇద్దరూ అరుగు మీద కూలబడ్డారు. నేను బండి దగ్గరకు వచ్చేశాను.

అరగంట తర్వాత ఖాసింబీ గొంతు వినిపించింది. “నడు, ఇప్పుడన్న పోదాం. అందర్ని చూస్తువు.”

“ఇప్పుడెవరుంటరే? మనం పొయ్యేలోపు ఊరంత లేచిపోతది.”

నిజమే. మూడున్నరకే బస్సులు కదులుతాయి. నేను పెట్టిన టైమే అది.

తిరుగు దారిలో ఖాసింబీ ఒక్కటే అడిగింది. “మళ్ల ఇంకోపారి అందరు వస్తరా సార్?”

వందల మందిని ఆ ఒక్క పూటకు కూడగట్టడానికి ఎన్ని ఫోన్లు చేశామో ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఏ జాబితాలోనైనా ఒకే నంబరు పదే పదే కనిపిస్తే మెర్జ్ జోలికి పోను. ఆ నంబరుకు ఫోన్ చేసి, ఎవరెవరు అమ్మా మీ దగ్గర, అని అడుగుతాను. అడవి అంచున ఫోను ఒక మనిషిది కాదు, ఒక బజారుది. అదే ఫోనుకు ఎంతమంది ఉంటే అన్ని ఆహ్వానాలు, ఒక్కో పేరుతో పంపుతాను. పేరు పెట్టి పిలవడమే ఈ వృత్తిలో అసలు పని అని నాకు ఆ కాలనీ అరుగు దగ్గర తెలిసింది.

మెర్జ్‌ను వెనక్కి తిప్పే వీలుంది. ఆ రోజే తిప్పాను. ఏడు పేర్లూ తిరిగి వచ్చాయి. లచ్చయ్య పేరు ఎదురుగా ‘వచ్చారు’ అని, మిగతా ఆరుగురి ఎదురుగా ‘రాలేదు’ అని పడింది. మార్చుదామని చూశాను. ‘పిలవలేదు’ అని రాసుకునే గడి అందులో లేదు.