చాలండి బటన్

బస్సు జగ్గయ్యపేట దాటీ దాటకముందే నా చెయ్యి ఫోన్ మీదికి పోయేది. నందిగామ దగ్గర నేను పనిచేసే పచ్చళ్ల కంపెనీ ల్యాబులో, రుచి చూసే బూత్‌లకు ట్యాబులు బిగించి నడిపించే బాధ్యత నాది. ముందుగా వచ్చే వంటావిడకు ఫోన్ చేసి ట్యాబులన్నీ చార్జింగులో ఉన్నాయా, వైఫై వస్తోందా అని అడిగేదాన్ని. అన్నీ బాగానే ఉన్నాయంటే నమ్మేదాన్ని కాదు. చిల్లకల్లు దగ్గర మళ్లీ చేసేదాన్ని.

బూత్ అంటే పాతకాలపు ఎస్టీడీ బూత్ అంతే ఉంటుంది. మనిషి గోడకు ఎదురుగా కూర్చోవాలి. ఆ గోడలో చిన్న తలుపు. అవతల వంటగదిలోంచి తలుపెత్తి, పచ్చడి కలిపిన అన్నం చిన్న గిన్నెలో పెట్టి ఇవతలికి తోస్తారు. రంగు చూసి మోసపోకుండా పైన ఎర్ర బల్బు. తిన్నాక ఎదురుగా ఉన్న ట్యాబులో, ఎలా ఉందో ఒక బటన్ నొక్కాలి. తినే వాళ్లు నందిగామ చుట్టుపక్కల మామూలు మనుషులు.

సరుకు కొనే పెద్ద పార్టీ ఒకటి చూడ్డానికి వస్తోంది. మా మనుషులు పాడైన పచ్చడిని పట్టుకోగలరని వాళ్ల ముందు చూపించాలి. చూపించలేకపోతే రుచి పరీక్షలన్నీ హైదరాబాదు ల్యాబుకి పోతాయని, వాటితోపాటు నా ఉద్యోగమూ పోతుందని మేనేజరు నవ్వుతూ చెప్పాడు. ఇలాంటివి నవ్వుతూ చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

నేనే ముందుగా పరీక్ష పెట్టి చూశాను. ఒక గిన్నెలో మంచి గోంగూర పచ్చడి, ఇంకో గిన్నెలో వాసన మారిన నూనెతో తాలింపు పెట్టింది. రెండింటికీ అందరూ ‘చాలా బాగుంది’ నొక్కారు. తప్పు ట్యాబుదే అనుకుని ఆపి మళ్లీ ఆన్ చేశాను. స్టాండ్లు మార్చాను. వాసన నిలవకుండా తిరిగే ఫ్యాన్ విప్పించి తుడిపించాను. సాఫ్ట్‌వేర్ వాళ్లు పంపిన తెలుగులో ‘మిక్కిలి అయిష్టము’ అని ఉంటే దాన్ని ‘అస్సలు బాలేదు’ అని మార్చాను. ఏం చేసినా అదే వరస. సాయంత్రం ట్యాబుల అద్దాలు తుడుస్తుంటే వేలిముద్రలన్నీ పైబటన్ మీదే ఉన్నాయి. ‘అస్సలు బాలేదు’ మీద మరక కూడా లేదు.

తినే వాళ్లలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు. చిన్నప్పుడు నాకు సున్నా వేసిన మనిషి. సున్నా వెయ్యడానికి ఆయన చెయ్యి ఏనాడూ వణకలేదు. అలాంటాయన కూడా ఆ కంపు పచ్చడికి ‘చాలా బాగుంది’ నొక్కారు. నాకు తిక్క రేగింది. పక్కకు పిలిచి, వాసన తెలియలేదా మాస్టారూ అని అడిగాను.

“తెలీకేమమ్మా, నోట్లో పెట్టుకోగానే తెలిసింది,” అన్నారు.

“మరి బాలేదని నొక్కొచ్చు కదండీ?”

“పరీక్ష పేపరుకి చెయ్యుండదు. ఇక్కడ పెట్టిన చెయ్యి కనపడతంది కదమ్మా. అన్నం తిని ఆ చేతికి వంక ఎట్టా పెడతాం?”

మర్నాడు వంటావిడకు గ్లవుజులు తొడిగించాను. గాజుల చప్పుడు వినపడనే వినపడింది. గాజులు తియ్యమంటే ఆవిడ నా వంక చూసిన చూపుకి మళ్లీ ఆ మాటెత్తలేదు.

ఆదివారం ఇంట్లో మామగారికి వడ్డిస్తున్నాను. ఒళ్లు ఇక్కడుందే గానీ మనసంతా ఆ బూత్‌ల చుట్టూనే తిరుగుతోంది. నా దొండకాయ వేపుడు ఇంకొంచెం వెయ్యబోతే ఆయన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, “చాలమ్మా,” అన్నారు. ఆ వెంటనే మా ఆయన చేసిన పప్పు దగ్గరకు జరుపుకుని రెండు గరిటెలు వేసుకున్నారు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మావాళ్లు బాలేదని చచ్చినా అనరు. చాలంటారు.

సోమవారం ట్యాబుల్లో ప్రశ్న మార్చేశాను. ‘ఇంకొంచెం వడ్డించమంటారా?’ కింద మూడు బటన్లు: ‘వెయ్యండి’, ‘కొద్దిగా’, ‘చాలండి’. ఇది ఏ పుస్తకంలో ఉందని మేనేజరు అడిగాడు. మా ఇంట్లో కంచం దగ్గర ఉందన్నాను.

పార్టీ వాళ్లు వచ్చిన రోజు నేను ఒకచోట కూర్చుంటే ఒట్టు. వంటగదికీ లాప్‌టాప్‌కీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మంచి గిన్నెకు ‘వెయ్యండి’లు వచ్చాయి. పాడైన గిన్నె వెళ్లింది. తెర మీద ఒక ‘చాలండి’ పడింది, తర్వాత ఇంకోటి, తర్వాత వరసగా అన్నీ అవే. వంటగది వైపు నుంచి తలుపెత్తి చూస్తే, మాస్టారు బటన్ నొక్కింది చాలక గిన్నె మీద అరచెయ్యి కూడా అడ్డం పెట్టి కూర్చున్నారు. పరీక్షలు నందిగామలోనే ఉంటాయని ఆ పూటే తేలిపోయింది. మేనేజరు మళ్లీ నవ్వాడు, ఈసారి నాకు మంటెక్కలేదు.

కానీ మనసు కుదుటపడలేదు. పెళ్లయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ మామగారి నోట ఆ మాట వింటున్నాను. విన్నప్పుడల్లా ఆయన కడుపు నిండిందని సంతోషపడ్డాను. మర్నాడు వంకాయ కూర వడ్డిస్తుంటే మళ్లీ చెయ్యి అడ్డం పెట్టారు. ఈసారి నేను కదల్లేదు.

“మావయ్యగారూ, చాలింది కడుపుకా, కూరకా?”

ఆయన అడ్డం పెట్టిన చెయ్యి తియ్యకుండానే కంచంలోకి చూశారు.

“కూరకేనమ్మా.”

“ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పలేదేంటండీ?”

“పెట్టిన చెయ్యి నీది కదమ్మా,” అన్నారు.