పుల్లల అంకెలు

ఆ వేసవిలో నా పరిశోధనంతా పుంగనూరులో మా మిద్దె మీదే జరిగింది. ఉపగ్రహాల కోసం తయారుచేసిన ఒక రకం సోలార్ పలక మన ఎండకూ దుమ్ముకూ ఎంత కరెంటు ఇస్తుందో చూడాలి. కుప్పం కాలేజీలో మా సారు ఒక పలక అక్కడే పెట్టుకుని, ఒకటి మదనపల్లె అమ్మాయికి, ఇంకొకటి నాకు ఇచ్చారు. రోజూ పదింటికి, పన్నెండింటికి, రెండింటికి మీటరు చూసి రాయడమే పని. ఆ మాత్రానికే వీధిలో రాకెట్టు ఎగరేస్తున్నంత బిల్డప్పు ఇచ్చాను.

మధ్యలో స్నేహితురాలి పెళ్ళికని మూడు రోజులు బెంగళూరు పోయాను. మీటరు అమ్మకు అప్పజెప్పాను. అమ్మకు రెండు ఆవులు, పాలకేంద్రం, అదే లోకం. ఈరోజుకూ వేలిముద్రే. తనకు అంకెలు రావు కదా అంది. కనబడింది కనబడినట్టు బొమ్మ గీసెయ్యమని చెప్పి బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉంది. మీటరులో అంకెలు పుల్లలు పేర్చినట్టుంటాయి. అమ్మ ఒక్కో పుల్లనూ ముగ్గు వేసినంత శ్రద్ధగా గీసింది. రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటల అంకె మాత్రం మరీ తక్కువగా ఉంది, పైగా అదే రెండుసార్లు గీసి ఉంది. నాకు నవ్వొచ్చింది. తికమక పడిందిలే అనుకుని, పాత అంకెలనే అటూ ఇటూ మార్చి మూడు రోజులూ నేనే నింపేశాను. చదువుకున్నదాన్ని కదా, కళ్ళు నెత్తికెక్కాయి.

చివరి రోజు కుప్పంలో సారు మూడు ఊళ్ళ లెక్కలూ పక్కపక్కన పెట్టారు. ఆ రెండో రోజు మధ్యాహ్నం దుమ్ముగాలి లేచి, మబ్బు పట్టి, మిగతా రెండుచోట్లా కరెంటు పడిపోయింది. మీ పుంగనూరులో మాత్రమే ఎండ ఎందుకు కాసిందమ్మా అని అడిగారు. నాకు తల తీసేసినట్టయింది. నిజం చెప్తే సర్టిఫికెట్టు పోతుంది.

"ఆ మూడు రోజులు మా అమ్మ రాసింది సార్. ఆమెకు చదువు రాదు."

సారు కోప్పడలేదు. చదువు రానివాళ్ళ మీద వదిలేసి పోకూడదని మెత్తగా చెప్పి, ఆ మూడు రోజుల లెక్క కొట్టేయించి సర్టిఫికెట్టు ఇచ్చారు.

ఇంటికొచ్చి నోటుబుక్కులోంచి అమ్మ కాగితం తీశాను. ఆ అంకె రెండుసార్లు ఎందుకు గీశావని అడిగాను.

"గాలి లేసి మబ్బు కమ్మిందమ్మా. పుల్లలు శానా తగ్గిపోయినాయి. నేనే తప్పుగా సూసినానేమోనని మళ్ళా మిద్దెక్కి సూసొచ్చి రాసినా."

అనుమానమొస్తే రెండోసారి చూడాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. నాకు నేర్పారు.

"మీ సారు నా రాత సూసినాడా పాపా? ఏమన్నాడు?"

బాగుందన్నారని చెప్పాను. ఛీ, అదీ అబద్ధమే. మర్నాడు పాలకేంద్రంలో అందరికీ చెప్పుకుందట, మా పాప చదువులో నా చెయ్యి కూడా ఉండాదని. నేను ఆ వైపు పోవడం మానేశాను.

కాగితం నా దగ్గరే ఉంది, సారు నంబరూ ఉంది. ఫోను చేసి అమ్మ అంకెలే నిజమని చెప్పాలి. రేపు, రేపు అని నేను నాన్చుతూ ఉండగానే అమ్మ ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి తెచ్చింది.